కొల్లేటి నత్తలు: కొనుట, వండుట, పంచాయతీ చేయదగిన పని

తొలకరి వానలు కురిసి మడుగులు, బోదెలు నిండగానే కొల్లేటి పరిసర గ్రామములలో నత్తలు విరివిగా దొరకును. లంక గ్రామముల స్త్రీలు వాటిని ఏరి, బుట్టలకెత్తి, సంతకు తెత్తురు. చేపలకు, రొయ్యలకు ఉన్న మర్యాద నత్తలకు లేదు. అవి బీదవారి తిండి యని కొందరి అభిప్రాయము. అందువలన కొనువారు చాటుగా కొనిపోవుదురు. పంచాయతీ సమావేశములలో చేపల చెరువుల వేలము గురించి ఎంతో చర్చ జరుగును గాని, నత్తల మాట ఎత్తువారు అరుదు.

అయినను నత్త తక్కువ ఖర్చుతో మాంసకృత్తులను, సున్నపు ధాతువును, ఇనుమును ఇచ్చు ఆహారము. ఇంగ్లండు సముద్రతీర పట్టణములలో సముద్రపు నత్తలను ఉడికించి వెనిగరుతో తినుట పాత అలవాటు. ఫ్రాన్సులో నేలనత్త విందుభోజనములలో వడ్డించు వంటకము. మన దేశముననే మణిపూరు ప్రజలు మంచినీటి నత్తలను ఇష్టముగా తిందురు. కావున నత్తలు తినుట సిగ్గుపడవలసిన సంగతి కాదు. తెలియక తినుట మాత్రము ప్రమాదకరము.

ఈ వ్యాసమున మేము నత్తలను కొనునపుడు చూడవలసిన గుర్తులను, వండు విధమును, పంచాయతీలు పూనుకొని చేయదగిన పనులను వివరింపదలచితిమి. చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. నత్తలో నుండు పురుగును కుండలో చంపవచ్చును. నత్త పెరిగిన నీటిలోని విషమును కుండలో పోగొట్టలేము. మొదటిది ఇంటివారి పని, రెండవది గ్రామము పని.

తినదగిన నత్త యేది?

మన ప్రాంతమున ఎక్కువగా తినునది నిమ్మకాయ వలె గుండ్రముగా నుండు పెద్ద మంచినీటి నత్త. దీనిని శాస్త్రజ్ఞులు పైలా గ్లోబోసా అందురు. చెరువులలోను, వరిచేలలోను, మురుగు కాలువలలోను ఇది నీటిమొక్కలను తిని పెరుగును. దీనికి నీటిలో పీల్చుటకు మొప్ప, గాలి పీల్చుటకు ఊపిరితిత్తి వంటి సంచి, రెండును కలవు. వేసవిలో నీరు ఇంకిపోయినపుడు బురదలోనికి దిగి, తన గుల్లవాకిలిని గట్టి మూతతో బిగించుకొని, తిరిగి వానలు వచ్చువరకు కదలక యుండును.

ఆ మూతయే మనకు మొదటి గుర్తు. మూత గల నీటినత్తలను మాత్రమే తీసికొనవలెను. పలుచని గుల్ల గలిగి, మూత లేని చిన్న నీటినత్తలు కొన్ని కలవు. పశువులకు కార్జపు జలగ వ్యాధిని వ్యాపింపజేయునవి అట్టివే. వాటిని ముట్టకుండుట మేలు.

తోటలలోను, కూరగాయల మళ్లలోను వానకాలమున గుంపులుగా పాకు పొడవైన పెద్ద నత్త వేరు. అది ఆఫ్రికా దేశపు నేలనత్త. 1847లో కలకత్తాకు తేబడి, క్రమముగా దేశములోని అనేక ప్రాంతములకు ప్రాకినది. దానికి మూత లేదు. పైరులకు చెరుపు చేయును గనుక రైతులు దానిని చంపుటకు విషపు ఎర పెట్టుదురు. మనుష్యుల మెదడునకు హాని చేయు పురుగును కూడ అది మోయగలదు. దానిని కొల్లేటి నత్తయని భ్రమించి ఎవరును వండరాదు.

ఏ నీటి నత్త యని మొదట అడుగుడు

చేపను కొనునపుడు కన్ను, మొప్ప చూతుము. నత్తను కొనునపుడు దాని ఊరు అడుగవలెను. నత్త దూరము పోవు జీవి కాదు. తానున్న చోటనే మేసి, అచ్చటి బురదలోను నీటిలోను ఉన్నదానిని తన శరీరమున చేర్చుకొనును. సీసము వంటి లోహములు, కొన్ని పురుగుమందుల శేషములు ఇట్లు దాని మాంసమున నిలువయగును. నీటిలోని మాలిన్యమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు నత్తలను, ఆలుచిప్పలను పరీక్షించుట ఇందువలననే.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య నున్న పల్లపు సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, అనేకమైన మురుగు కాలువలును ఇందులో కలియును. ఉప్పుటేరు ద్వారా మాత్రమే నీరు సముద్రమునకు పోవును. విజయవాడ, ఏలూరు, గుడివాడ పట్టణముల మురుగు, పరిశ్రమల వ్యర్థములు, వరిచేలపై చల్లిన మందులు, చేపల చెరువులలో వాడిన రసాయనములు ఎంతో కొంత ఇచ్చటికే చేరును. కావున కొల్లేటి నత్తలన్నియు ఒక్కటి కావు. ఒక లంక చెంత మంచినీటి మడుగులో పెరిగిన నత్త వేరు, పట్టణపు మురుగు కలియు కాలువ గట్టున ఏరిన నత్త వేరు.

2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున వందలమంది ఆకస్మికముగా మూర్ఛలతో ఆసుపత్రి పాలైన సంగతి పాఠకులు మరచియుండరు. రోగుల రక్తమున సీసము, నికెలు ఆనవాళ్లు కనబడినవని ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు తెలిపిరి. ఆ వ్యాధిని నత్తలకు అంటగట్టుట మా ఉద్దేశము కాదు. నీటిలోను ఆహారములోను కంటికి కనబడనిది ఏమి కలిసినదో విచారించుట మనకు ఎంత అవసరమో చెప్పుటకే దానిని స్మరించితిమి.

నాలుగు చోట్ల నుండి వచ్చిన నత్తలను కొనకుండుట మంచిది. పట్టణపు మురుగు లేక పరిశ్రమల నీరు కలియు కాలువలు మొదటివి. పురుగుమందు చల్లిన వరిచేలు రెండవవి. నత్తలను చంపుటకు మైలుతుత్తము మొదలగు మందులు వేసిన చేపల చెరువులు మూడవవి. దహనవాటికలకు, చెత్తకుప్పలకు, మరుగుదొడ్లకు దాపుననున్న గుంటలు నాలుగవవి. మందు వేసిన చెరువులో నత్తలు చచ్చి గట్టునకు కొట్టుకొనివచ్చినపుడు, తేలికగా దొరకినవి గదా యని ఏరి అమ్ముట మహా ప్రమాదము.

కొనునపుడు చూడవలసిన గుర్తులు

నత్తను ప్రాణముతో కొనవలెను. మూత కొంచెము తెరచియున్న నత్తను వ్రేలితో తాకినచో వెంటనే లోనికి ముడుచుకొని మూత బిగించును. అట్లు చేసినది బ్రదికియున్నది. తాకినను కదలక మూత వ్రేలాడునది, మూత ఊడిపోయినది, దుర్వాసన కొట్టునది చచ్చినది. బిగించుకొనియున్న నత్త విషయమున సందేహము కలిగినచో పళ్లెములో కొద్ది నీరు పోసి అందులో నుంచవలెను. బ్రదికియున్నచో కొంతసేపటికి మూత తెరచి పాకును. పగిలిన గుల్లలు గలవానిని, చేతిలో మరీ తేలికగా తోచువానిని తీసివేయవలెను.

గుల్ల తీసిన మాంసమును కొనుట సుళువే గాని, అది బ్రదికిన నత్తదియో చచ్చిన నత్తదియో చెప్పలేము. కన్నుల యెదుట ఉడికించి గుల్ల తీసి యిచ్చినచో కొనవచ్చును. గుల్లతో తూచిన బరువులో తినదగిన మాంసము కొద్ది భాగమే. వెల పోల్చునపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

శుభ్రపరచు విధము

కొనితెచ్చిన నత్తలను వెడల్పుగల బేసినులో కొద్దిపాటి మంచినీటిలో ఒకటి రెండు రోజులు ఉంచవలెను. నత్తకు గాలి కూడ కావలెను గనుక అవి పూర్తిగా మునిగిపోవునట్లు బిందెలో నీరు నింపి మూత బిగించినచో చచ్చిపోవును. పైన బుట్టను గాని, వలను గాని కప్పి బరువు పెట్టినచో పాకిపోవు. మేత వేయనక్కరలేదు. ఉదయము, సాయంకాలము నీరు మార్చుచు, చచ్చినవానిని ఎప్పటికప్పుడు తీసివేయవలెను. ఇందువలన కడుపులోని బురద పోవును. మాంసమునకు పట్టిన విషము మాత్రము పోదు.

పిమ్మట గుల్లలను రుద్ది కడిగి, మరుగుచున్న నీటిలో వేయవలెను. నీరు తిరిగి తెర్లుట మొదలైనది లగాయతు పది నిమిషములకు తక్కువ కాకుండ ఉడికింపవలెను. తరువాత నీరు వార్చి, మూత తీసి, పిన్నీసుతో గాని సన్నని పుల్లతో గాని మాంసమును మెలిపెట్టి లాగినచో వెలుపలికి వచ్చును. ముందుభాగమున గట్టిగా నుండు కండయే తినదగినది. వెనుక చుట్టగా, మెత్తగా, నల్లగా నుండు భాగము పేగులు, కార్జము. కొందరు దానిని కూడ తిందురు గాని, మాలిన్యము ఎక్కువగా చేరునది అచ్చటనే గనుక తీసివేయుటయే క్షేమము.

మిగిలిన కండను ఉప్పు, పసుపు వేసి గట్టిగా పిసికి, జిగురు పోవువరకు నాలుగైదు నీళ్లు కడుగవలెను. చింతపండు పులుసులో గాని, పుల్లని మజ్జిగలో గాని కొంతసేపు ఉంచి కడిగినచో నీచు తగ్గును. పచ్చినత్తలను ముట్టిన చేతులను, కత్తిపీటను, పాత్రలను సబ్బుతో కడుగవలెను. నత్తలను ఉంచిన నీటిని ఆకుకూరల మళ్లలో పోయరాదు.

ఇగురు

అరకిలో శుభ్రపరచిన మాంసమునకు రెండు పెద్ద ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల అల్లము వెల్లుల్లి ముద్ద, తగినంత కారము, ఉప్పు, పసుపు, ఒక చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, ఒక చెంచా గసగసాలు కావలెను. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారు దగ్గరనే యున్నది గనుక ఈ ప్రాంతపువారికి ఉల్లికి లోటు లేదు.

నూనె కాగిన తరువాత ఉల్లిపాయ ముక్కలను, పచ్చిమిరపకాయలను ఎఱ్ఱగా వేయించి, అల్లము వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోవువరకు కలియబెట్టవలెను. నత్తమాంసము, పసుపు, ఉప్పు, కారము వేసి ఐదు నిమిషములు మగ్గనిచ్చి, మాంసము మునుగునంత నీరు పోసి మూతపెట్టి, సన్నని సెగపై అరగంట ఉడికింపవలెను. నత్తకండ గట్టిది గనుక తొందరపడినచో రబ్బరు వలె సాగును. నీరు ఇంకుచుండగా నూరిన ధనియాలు, జీలకర్ర, గసగసాల ముద్ద వేసి దగ్గరకు రానిచ్చి దింపవలెను.

వేసవిలో చింతచిగురు, ఇతర కాలములలో గోంగూర, దొరకినప్పుడు పుల్లమామిడి ముక్కలు వేసికొనవచ్చును. పులుపు నత్తకు పొందికైనది. వండిన పూటనే తినవలెను. వానకాలపు ఉక్కలో మరునాటికి నిలువ ఉంచుట మంచిది కాదు.

పచ్చినత్త వలన కీడు

నత్తను సగము ఉడికించి తినుట, పచ్చినత్త రసమును ఉబ్బసమునకు మందని త్రాగించుట, కండ్లలో పిండుట కొన్ని చోట్ల కలదు. ఈ అలవాట్లను గ్రామపెద్దలు గట్టిగా మాన్పింపవలెను. ఎలుక ఊపిరితిత్తులలో నుండు ఒక సన్నని పురుగు తన పిల్లదశను నత్తలో గడపును. పచ్చినత్త తినిన మనుష్యునిలో ఆ పురుగు పిల్లలు మెదడు వరకు చేరి, మెదడు పొరలకు వాపు కలిగించును. థాయిలాండు ఈశాన్య ప్రాంతమున పచ్చినత్త మాంసమును తిను ఆచారము వలన ఈ వ్యాధి చాలమందికి వచ్చినది. బాగుగా ఉడికించినచో ఆ పురుగు బ్రదుకదు.

ఉబ్బసము విషయమున లోకులు చెప్పుదానికి నిజము వ్యతిరేకముగా నున్నది. ఇంటి దుమ్ములోని సూక్ష్మమైన పురుగులు పడనివారిలో కొందరికి నత్తమాంసము కూడ పడదు. వండినదైనను వారికి ఆయాసము ఎక్కువ చేయును. ఇదివరలో రొయ్య, పీత పడనివారు నత్తకు దూరముగా నుండుట మేలు.

నత్త తినిన వెంటనే దద్దురులు, పెదవుల వాపు, ఊపిరి ఆడకపోవుట కనబడినచో ఆలస్యము చేయక 108 వాహనమును పిలువవలెను. పచ్చినత్త తినిన కొలది దినములకు గాని వారములకు గాని తీవ్రమైన తలనొప్పి, మెడ బిగియుట, వాంతులు, చర్మము తిమ్మిరులెక్కుట కలిగినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, నత్త తినిన సంగతి వైద్యునికి దాచక చెప్పవలెను. సిగ్గుపడి చెప్పకున్నచో వైద్యునికి కారణము తోచుట కష్టము.

మితముగా ఏరుట

ఈ నత్త వానకాలమున నీటి ఒడ్డున తడినేల గుంటలలో తెల్లని గ్రుడ్లను గుంపుగా పెట్టును. ఒక గుంపులో 200 నుండి 800 వరకు గ్రుడ్లుండును. తొలివానలలో బయటకు వచ్చు నత్తలన్నిటిని ఏరివేసినచో మరుసటి ఏటికి విత్తనము మిగులదు. ఫ్రాన్సులో నేలనత్తలు తరిగిపోవుట చూచి 1979లో ఒక నియమము చేసిరి. దాని ప్రకారము ఏప్రిల్ 1 నుండి జూన్ 30 వరకు ఆ దేశపు పెద్దనత్తను ఏరరాదు. మిగిలిన కాలమున కూడ 3 సెంటీమీటర్ల కన్న చిన్నదానిని ఏరరాదు. బంగ్లాదేశములో మంచినీటి రొయ్యలకు మేతగా నత్తమాంసమును విపరీతముగా వాడుట వలన బీళ్లలో నత్తలు తగ్గినవి. ఇంటి కూరకు ఏరుట వేరు, మేతకై బస్తాలకెత్తుట వేరు.

నత్తను నమ్ముకొన్న జీవులు మరికొన్ని కలవు. ముక్కు నడుమ సందు గలిగిన నత్తగుల్ల కొంగకు నత్తయే ముఖ్యాహారము. కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును ప్రభుత్వము 1999లో అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో ఈ సరస్సు రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. అభయారణ్యపు హద్దులలో ఏరువారు, అమ్ముటకు ఏరించువారు అటవీశాఖ నియమములను ముందుగా తెలిసికొనవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్న 29 విషయములలో మత్స్యపరిశ్రమ, త్రాగునీరు, సంతలు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఉన్నవి. నత్త వీటన్నింటితోను ముడిపడిన వస్తువు. పెద్ద ఖర్చు లేకుండ సభ్యులు ఈ క్రింది పనులు చేయవచ్చును.

1. గ్రామపు నీటివనరుల పట్టిక వ్రాయుడు. ఏ మడుగునకు ఏ కాలువ నీరు వచ్చునో, మురుగు ఎచ్చట కలియునో ఏరువారికి బాగుగా తెలియును. వారిని గ్రామసభకు పిలిచి అడుగుడు. నత్తలు ఏరదగిన చోట్లను, ఏరరాని చోట్లను గుర్తించి చాటింపు వేయింపుడు.

2. చెరువులలో గాని, చేలలో గాని మందు వేయువారు ముందుగా పంచాయతీకి తెలిపి, గట్టున ఎఱ్ఱజెండా పాతునట్లు కట్టడి చేయుడు.

3. సంతలో నత్తలమ్ము స్త్రీలకు నీడ, మంచినీరు, చెత్తతొట్టి గల చోటు చూపుడు. మురుగు ప్రక్కన కూర్చుండి అమ్మించి, సరకు శుభ్రముగా లేదని నిందించుట న్యాయము కాదు.

4. గుల్లలను వీధులలో పారవేయనీయకుడు. వాటిలో నీరు నిలిచి దోమలు పెరుగును. పిల్లల కాళ్లు తెగును. వేరుగా ప్రోగుచేసినచో గుల్లసున్నమునకు పనికివచ్చును. ఎండబెట్టి పొడిచేసినచో కోళ్లకు, బాతులకు సున్నపు మేతయగును.

5. వానకాలపు మొదటి వారములలో, గ్రుడ్లు పెట్టు సమయమున, ఏరుట మానునట్లు ఏరువారితో సంప్రదించి నిర్ణయము చేయుడు. ఆ దినములలో వారికి జరుగుబాటు ఎట్లో కూడ సభలోనే ఆలోచింపవలెను.

6. ఒక మడుగు నీటి మీద అనుమానము కలిగినచో తీర్మానము చేసి కాలుష్య నియంత్రణ మండలికి వ్రాయుడు. అమ్ముచున్న సరకు మీద అనుమానము కలిగినచో ఆహార భద్రతాధికారికి తెలుపుడు. నమూనాలను పరీక్షింపించు అధికారము వారికి కలదు.

కొల్లేటి బెడ్ గ్రామములలోను, బెల్టు గ్రామములలోను నివసించు కుటుంబములకు సరస్సే పొలము, సరస్సే గాదె. చేపల చెరువు గలవాడు నీరు చెడినచో వేరొక సరకు కొనుక్కొని తినగలడు. బుట్టతో మడుగులో దిగు స్త్రీ మాత్రము ఆ నీటిలో దొరకినదానినే అమ్మి, మిగిలినదానిని తన బిడ్డలకు వండిపెట్టును. నత్తను చిన్నచూపు చూచినచో దానిని తినువారిని కూడ చిన్నచూపు చూచినట్లే. రాబోవు గ్రామసభ కార్యక్రమమున నీటివనరుల పట్టికను ఒక అంశముగా చేర్పవలసినదని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.